పొట్టి మెడ గిటారు

వాయిద్యాల్లో కొన్నింటికి పేరు దక్కుతుంది, కొన్నింటికి చాకిరీ మాత్రమే దక్కుతుంది. బేస్ గిటారు ఈ రెండో జాతిది. పాటలో అది ఉన్నట్టు ఎవరూ గమనించరు. తీసేస్తే మటుకు ఇంగువ వేయని పులుసులా ఏదో వెలితి. 1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలు మరొకసారి పెట్టుకుని, గొంతుల్ని పక్కకు నెట్టి, అడుగున నడిచే ఆ మంద్రధ్వని మీద చెవి పెట్టండి. ఇళయరాజాగారు దానికి ఎంత పని అప్పజెప్పారో బోధపడుతుంది.

మా అమ్మాయి కాలేజీ బృందంలో ఏరి కోరి ఆ వాయిద్యాన్నే పట్టింది. “ఏమే, హాయిగా వీణ నేర్చుకోకూడదుటే?” అంది మా ఆవిడ. “అందరూ పైకి వినిపించేవే పట్టుకుంటే అడుగున ఎవరుండాలమ్మా?” అంది అమ్మాయి. ఆ చర్చ అంతటితో సరి.

అసలు చిక్కు వేరే వచ్చింది. దానివి చిన్న చేతులు. కాలేజీవారి గిటారేమో బారెడు. మూడు నెలలు తిరిగేసరికి మణికట్టు నొప్పి పట్టుకుంది. కొన్నాళ్ళు ఆపమన్నారు డాక్టరుగారు. మళ్ళీ అదే గిటారు పడితే మళ్ళీ అదే నొప్పి రాదా? మానుకోవలసిందేనేమో అనుకుని అది రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పుడు తెలిసింది, బేస్ గిటార్లలో పొట్టి మెడవి ఒక తెగ ఉన్నాయని. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్‌ను బజారులో పెట్టాడు. మెడ పైకొస నుంచి కింద గుర్రం దాకా తీగ మోగే నిడివి 34 అంగుళాలు. లోకమంతా ఆ కొలతకే అలవాటు పడింది. పొట్టివాటికి ఆ నిడివి సుమారు 30 అంగుళాలే.

నాలుగంగుళాలేగదా అనిపిస్తుంది. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు కొట్టులో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు వ్రాస్తున్నవాణ్ణి, ఊరుకోలేక లెక్క కట్టాను. పొడుగు గిటారు మీద మొదటి నాలుగు మెట్లు 7 అంగుళాలు ఆక్రమిస్తే, పొట్టిదానిమీద ఆరుంబావుకు లోపే సరిపోతాయి. ఒకే రకం తీగను ఒకే శ్రుతికి బిగిస్తే, పొట్టిదానిమీద బిగువు నూటికి 22 వంతులు తక్కువ. చిటికెన వ్రేలికి ఇంతకంటే ఏం కావాలి? అయితే దేనికైనా ఖరీదు ఉంటుంది. బిగువు తగ్గితే అడుగు తీగ గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది; పదును తగ్గుతుంది. కొందరికి అది లోపం, కొందరికి అదే తీపి.

పొట్టిది కనుక పిల్లల ఆటవస్తువు అనుకునేరు! గిబ్సన్‌వారు 1953లో ఫిడేలు ఆకారంలో చేసింది ముప్ఫై అంగుళాలన్నరదే. జర్మనీలో హాఫ్నర్‌వారి ఫిడేలు బేస్ 1956 నాటిది. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నది దాన్నే. ఆ గిటారు 1972లో దొంగల పాలై, మళ్ళీ ఆయన చేతికి చేరిన సంగతి 2024లో గాని బయటికి రాలేదు. పొడుగు మెడకు పేరుపడ్డ ఫెండర్‌వారు సైతం 1966లో ముస్టాంగ్ అనే పొట్టి బేస్ తెచ్చారు.

కొత్తవి ఈనాడూ దొరుకుతాయి. కాని పాతకాలపు బోలు బొర్ర మోత అమ్మాయి చెవిని పట్టేసింది. చేతిలో చీటీ పాట డబ్బు 25 వేలు. మా ఆవిడ దాన్ని వంటింటి గట్టుకు నల్లరాయి వేయించాలని దాచింది.

ఆదివారంనాడు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకం కొనేవాడు అట్ట చూసి మోసపోడు; మధ్య పేజీలున్నాయో లేదో తిరగేస్తాడు. పాత గిటారుకు ఆ మధ్య పేజీ మెడ.

మొదట నాంపల్లిలో ఒక మరమ్మతు కొట్టుకు వెళ్ళాం. కలకత్తా తయారు, ఫిడేలు ఆకారం, కొత్త వార్నీషుతో ధగధగలాడుతోంది. 12 వేలన్నాడు. తీగను మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి, నడుమ ఎడం చూడాలి. దళసరి కాగితం దూరేటంత ఉంటే మెడ బాగున్నట్టు. అక్కడ రూపాయి బిళ్ళ దూరింది. మెడలోని ఉక్కు కడ్డీ తిప్పబోతే కదల్లేదు. “తీగలు ఎక్కిస్తే అదే సర్దుకుంటుంది సాబ్” అన్నాడతను. పుచ్చిన పప్పు వండితే సర్దుకుంటుందని మా గంజ్‌లో ఎవరూ అనరు.

రెండోది హిమాయత్‌నగర్‌లో, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒక పెద్దమనిషి ఇంట పాత ముస్టాంగ్. మెడ గీత గీసినట్టుంది. అడుగు తీగ కూడా స్పష్టంగా పలికింది. ధర లక్షకు పైమాట. అమ్మాయి రెండు నిమిషాలు వాయించి, మారుమాట లేకుండా పెట్టెలో పెట్టేసింది.

మూడోది సికిందరాబాదులో. పెళ్ళిళ్ళలోనూ చర్చిలోనూ వాయించి విశ్రాంతి తీసుకున్న ఒక తాతగారిది. 1970ల నాటి జపాను నకలు. మెట్లు కాస్త అరిగాయి. ఒక గుండీ తిప్పితే గరగర. మెడ మటుకు తిన్నగా ఉంది. పన్నెండో మెట్టు పైన తీగను మెల్లగా తాకి మీటినా, గట్టిగా నొక్కి మీటినా ఒకే శ్రుతి పలికింది. అంటే గుర్రం ఉండవలసిన చోటే ఉంది.

“వాయించమ్మా, మొహమాటపడకు” అన్నారు తాతగారు. అమ్మాయి ఇరవై నిమిషాలు వాయించింది. నేను బిరడాలు పరీక్షిస్తూ బేరానికి మాటలు కూర్చుకుంటున్నాను. మా ఆవిడ చెవిలో అంది: “ఏమండీ, ఇంతసేపూ అది ఒక్కసారైనా చెయ్యి విదిలించలేదు, చూశారా?”

నేను మెడ చూశాను, మెట్లు చూశాను. చూడవలసింది ఆవిడ చూసింది.

22 వేలకు ఖాయమైంది. “దీనికి పొడుగు గిటారు తీగలు వెయ్యకండి, లావు భాగం బిరడాకు చుట్టుకుని పాడవుతుంది” అని చెప్పి, తాతగారు పొట్టి తీగల జత ఒకటి ఊరికే ఇచ్చారు. మిగిలిన 3 వేలూ మెట్లు సాపు చేయించటానికీ, గుండీ శుభ్రం చేయించటానికీ సరిపోయాయి. నల్లరాయి వచ్చే చీటీకి వాయిదా పడింది.

పాత గిటారు కొనబోయేవారికి నాకు తెలిసిన సలహా ఇంతే: మెడ చూడండి, మెట్లు చూడండి, శ్రుతి చూడండి, అన్నింటికంటే ముందు, దాన్ని వాయించబోయే చేతిని వెంట తీసుకువెళ్ళండి.