కత్తుల ఊళ్లో తొలి బేరం

గడ్డం గీసే మడత కత్తికి ప్రపంచంలో పేరున్న ఊరు ఒకటుంది. జర్మనీలోని సోలింగెన్. తొలిసారి కత్తి పట్టబోయేవాళ్లు అక్కడ ఏం చూడాలి? ఏది కొనాలి? ఏది కొనకూడదు? కత్తుల ఊరిని ఓసారి చుట్టి వద్దాం రండి.

మంగలి పొది గుర్తుందా? కత్తి, సాన రాయి, తోలుపట్టా, నీళ్ల గిన్నె, చిన్న అద్దం. వేపచెట్టు కింద పీట వేసి కూర్చోబెట్టి, తోలుపట్టా మీద కత్తిని టపటపా నాలుగుసార్లు అటూఇటూ తిప్పి పని మొదలుపెట్టేవారు. ఎయిడ్స్, హెపటైటిస్ భయాలు పెరిగాక ఆ కత్తి పొదిలోంచి మాయమైంది. ఇప్పుడు సెలూన్లలో కనిపించేది కత్తి కాదు, కత్తి ఆకారంలో ఉన్న పిడి. అందులో సగానికి విరిచిన బ్లేడు పెడతారు, పని కాగానే పారేస్తారు. అసలు కత్తి మాత్రం చావలేదు. సొంత గడ్డం సొంత కత్తితోనే గీసుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామంది చూపు సోలింగెన్ వైపే!

నదే యంత్రం

డ్యూసెల్‌డోర్ఫ్‌లో లోకల్ రైలెక్కితే అరగంటలోపే సోలింగెన్. ఇంకాస్త సరదాగా వెళ్లాలంటే పక్కనున్న వుప్పర్తాల్ నగరం నుంచి రావాలి. అక్కడ 1901 నుంచీ నది మీద తలకిందులుగా వేలాడుతూ నడిచే రైలుంది. దాని చివరి స్టేషన్‌లో దిగి, కరెంటు తీగలు పట్టుకుని నడిచే 683 నంబరు ట్రాలీబస్సు ఎక్కితే గ్రేఫ్రాత్ వస్తుంది. సోలింగెన్‌లో కలిసిపోయిన పాత పట్టణమిది. నల్ల పలకరాయి తాపడం, తెల్ల కిటికీలు, పచ్చ రెక్కలు... ఇళ్లన్నీ ఒకే కుదురు. 1944 నవంబరు బాంబుదాడుల్లో సోలింగెన్ నడిబొడ్డు నేలమట్టమైనా ఇది బతికి బట్టకట్టింది.

ఇక్కడి పాత మఠం భవనంలోనే జర్మన్ కత్తుల మ్యూజియం ఉంది. యుద్ధఖడ్గాల నుంచి భోజనాల బల్ల మీది చెంచాల దాకా అన్నీ ఉంటాయి. క్షవరపు కత్తులకూ చోటుంది.

ఈ ఊరికి కత్తి ఎందుకు అబ్బింది? ఒక్కమాటలో చెప్పాలంటే వుప్పర్ నది వల్ల. కొండల మధ్య మెలికలు తిరుగుతూ పారే ఆ నీళ్లు చక్రాలను తిప్పేవి. చక్రాలు సాన రాళ్లను తిప్పేవి. ఒడ్డున నీటిచక్రాల సానశాలలు వరసగా వెలిశాయి. వాటిలో విప్పర్‌కోటెన్, బాల్క్‌హౌజర్ కోటెన్ ఇప్పటికీ చూడొచ్చు. మధ్యయుగాల నుంచే ఇక్కడి పనివాళ్లకు సంఘాలుండేవి. విద్య పొరుగూరికి పోకూడదని ప్రమాణాలు చేయించుకునేవారు. అయినా ఆగుతుందా? 17వ శతాబ్దం చివర్లో కొందరు ఖడ్గకారులు ఇంగ్లండులోని షాట్లీ బ్రిడ్జికి వలసపోయారు.

కత్తి తళుకు చూసి మురిసిపోయేవాళ్లు దాని వెనకున్న దగ్గును కూడా వినాలి. రోజంతా ఇసుకరాళ్ల మీద వంగి పనిచేసే సానగాళ్ల ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయేది. చాలామంది వయసు మీద పడకముందే పోయేవారు. ఇక ఆడవాళ్లు కత్తుల బుట్టలు నెత్తిన పెట్టుకుని కొండదారుల్లో సానశాలకూ వ్యాపారి ఇంటికీ మధ్య నడిచేవారు. మన పల్లెల్లో గంపలు మోసే తల్లుల్లాగే!

పేరు చూసి, పిడి చూసి...

సరే, కత్తి సంగతికి వద్దాం. కొత్తవాళ్లు మొదట చూడాల్సింది పిడి నగిషీ కాదు. మడతకు దగ్గరగా ఉక్కు మీద చెక్కిన అక్షరాలు. 'సోలింగెన్' అన్న పేరుకు 1938 నుంచీ చట్టం కాపలా ఉంది. ముఖ్యమైన పనులన్నీ ఆ ప్రాంతంలోనే జరిగితే తప్ప ఆ పేరు కొట్టకూడదు. 2009లో తిరుపతి లడ్డూకి వచ్చిన భౌగోళిక గుర్తింపు లాంటిదన్నమాట. అలాగని అక్షరాలున్న ప్రతిదీ అసలుదే అనుకోవద్దు. నకిలీలకు కొదవలేదు.

రెండోది వెడల్పు. దీన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. కొత్తవాళ్లకు ఈ రెండే సరి. అంతకంటే వెడల్పయితే ముక్కు కింద తిప్పడం కష్టం. మరీ సన్ననిదైతే నురగ ఇట్టే నిండిపోతుంది.

మూడోది కొస. మొన చదరంగా, సూటిగా ఉంటే చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ చెవి దగ్గర చేయి ఏమాత్రం తడబడినా గాటే! గుండ్రటి కొస ఉన్నదే మేలు.

నాలుగోది బోలు. కత్తిని రెండు పక్కలా లోపలికి ఎంత తొలిచారన్నదే దాని స్వభావం. పూర్తి బోలు కత్తి వాదర కాగితంలా పలచన. వెంట్రుక తెగుతుంటే సన్నగా పాడుతుంది. ఎక్కడ ఎలా తెగుతోందో చేతికి తెలుస్తుంది. సగం బోలుది కాస్త బిరుసు, గరుకు గడ్డాలకు నిలకడగా ఉంటుంది. ఇక ఉక్కు. మామూలు కార్బన్ ఉక్కు సానకు తొందరగా లొంగుతుంది, తడి ఉంచితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పుకు ఓర్చుకుంటుంది, సానకు ఓపిక అడుగుతుంది.

పాత కత్తి చవగ్గా దొరికితే? వాదర మీద తుప్పు గుంటలున్నా, సన్నని పగులున్నా వదిలేయాలి. వెన్ను అరిగి చదునైందేమో కూడా చూడాలి. ఎందుకంటే సానపట్టేటప్పుడు వెన్ను, వాదర రెండూ రాయికి ఆనాలి. ఆ కోణాన్ని కాపాడేది వెన్నే. అది వంకరగా అరిగితే కత్తి దారి తప్పినట్టే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకోటుంది. కొత్త కత్తి అంటే పదునైన కత్తి అని కాదు. గడ్డానికి సిద్ధంగా సానపట్టి ఇచ్చారా లేదా అన్నది కొనేముందే అడగాలి. మొద్దు కత్తితో మొదలుపెట్టినవాళ్లు చర్మం మండి, తప్పు తమదేననుకుని, వారంలోపే కత్తిని బీరువాలో పడేస్తారు. తోలుపట్టా కూడా అప్పుడే కొనాలి. గీసుకునే ప్రతిసారీ ముందు వెన్ను ముందుగా, వాదర వెనకగా దాని మీద లాగాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. లేకపోతే తెగేది పట్టాయే! మొదటి రోజుల్లో రెండు బుగ్గలతో సరిపెట్టుకుని, గడ్డం, మూతి పాత రేజరుకు వదిలేయడం మంచిది. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వంపులో ఉండాలి. పనయ్యాక తుడిచి ఆరబెట్టాలి.

మిగిలేది ఎవరు?

1904లో అమెరికాలో జిల్లెట్‌కు సేఫ్టీ రేజరు పేటెంటు వచ్చాక మడత కత్తి రోజులు మారిపోయాయి. 1906లో మొదలైన డోవో కంపెనీ ఆ ఎదురుగాలిలోనే వందేళ్లు దాటింది. 2020లో దివాలా దాకా వెళ్లింది, కొత్త చేతుల్లో మళ్లీ నిలబడింది. 1886లో పెట్టిన హెండ్రిక్స్ కత్తెర్ల కార్ఖానా మాత్రం 1986లో ఆగిపోయి, ఇప్పుడు మ్యూజియంగా బతుకుతోంది. కత్తిని బోలుగా తొలిచే సానగాడు తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటివాళ్లు ఇప్పుడు ఊళ్లో కొద్దిమందే.

ఊరికి ఇంకో గాయమూ ఉంది. 2024 ఆగస్టులో 650 ఏళ్ల పండుగ చేసుకుంటున్న జనం మీద ఒక దుండగుడు కత్తితో పడి ముగ్గుర్ని చంపాడు. ఆ తర్వాత జర్మనీలో నిబంధనలు బిగించారు. అందుకే కొన్న కత్తిని పెట్టె విప్పకుండా ఉంచుకోవాలి, పండుగలకూ జాతరలకూ తీసుకెళ్లకూడదు. విమానంలో చేతిసంచిలో అసలే కుదరదు, చెక్‌ఇన్ సామానులోనే పెట్టాలి.

తిరిగి వెళ్లేముందు ఊరి అంచున ఉన్న మ్యూంగ్‌స్టెన్ వంతెన కిందికి వెళ్లాలి. 1897లో కట్టిన ఈ ఇనుప రైలు వంతెన ఎత్తు 107 మీటర్లు. పైన రైలు దడదడలాడుతూ పోతుంది. కింద వుప్పర్ చడీచప్పుడు లేకుండా పారుతుంది. ఇన్ని కత్తులకు పదును పెట్టిన నీళ్లేనా ఇవి అనిపిస్తుంది.

సంచిలోని కత్తికీ అదే నెమ్మది కావాలి. తొందరపడ్డ చేతికి గాటు, ఆగి లాగిన చేతికి నున్నటి బుగ్గ!