మోటారు ఎవరు వేశారు?

ఇంట్లో ఏదైనా తేడా వస్తే మనం ముందు వెతికేది మనిషినే. గీజర్ ఆపనిదెవరు, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయనిదెవరు, ట్యాంకు పొంగేదాకా మోటారు వదిలేసిందెవరు? ఆ నేరం చివరికి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ మీదో, చిన్నవాళ్ళ మీదో, పనమ్మాయి మీదో పడుతుంది. యంత్రాన్ని ఎవరూ అడగరు. అడిగితే అదీ చెప్తుందని మాకు ఈమధ్యే తెలిసింది.

మా బోరు మోటారుకి పోయినేడాది మా అబ్బాయి ఒక చిన్న బోర్డు పెట్టాడు. ఈఎస్‌పీ32 అంటారు, వైఫై ఉన్న చిప్. అందులో ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్ వేశాడు. ఫోన్‌లోంచి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. ట్యాంకులో నీళ్ళు ఎంతున్నాయో చూడొచ్చు. ఆపడం మాత్రం మనుషుల పనే. ఆ పని ఎప్పటినుంచో మా మామయ్యగారిది. ఆయనకి 76 ఏళ్ళు.

ఈ ఎండాకాలంలో మూడుసార్లు తెల్లారేసరికి ట్యాంకు పొంగి, నీళ్ళు మెట్ల మీదుగా వీధిలోకి పోయాయి. మూడుసార్లూ ముందురోజు రాత్రి మోటారు వేసింది మామయ్యగారే. "నాన్నకి మతిమరుపు మొదలైంది, డాక్టరుకి చూపిద్దాం" అన్నారు మావారు. ఆడపడుచు ఫోన్ చేసి, "ఇంక ఆ పని నాన్నకి చెప్పకండి వదినా" అంది. మామయ్యగారు ఎవరితోనూ వాదించలేదు. కానీ వంటింట్లో క్యాలెండర్ మీద, నేను పాల లెక్క రాసుకునే గళ్ళల్లోనే, సన్నగా రాయడం మొదలుపెట్టారు. "9.40 మోటారు వేశాను." "10.15 ఆపాను." తన మీద తనకే అనుమానం వచ్చినవాళ్ళు అలా రాసుకుంటారు. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

నాలుగోసారి పొంగిన రోజు గడిలో ఇలా ఉంది: "9.40 వేశాను. 9.52 కరెంటు పోయింది." అంతే, ఆపినట్టు లేదు. "కరెంటే పోతే ఇంక ఆపేదేముందమ్మా?" అన్నారాయన. నేను ఆ గడిని ఫొటో తీసి మా అబ్బాయికి పంపించాను. "తాతయ్య రాసింది ఇది. నీ బోర్డు ఏం రాసిందో చూడు" అన్నాను.

వాడు లాప్‌టాప్ తెరిచి చూపిస్తే నాకు కళ్ళు తిరిగాయి. వరసలు వరసలుగా పరుగెడుతోంది. ట్యాంకు మట్టం కొలిచే సెన్సర్ ఐదు సెకన్లకోసారి తన కొలత చెప్తోంది. అంటే రోజుకి 17,280 వరసలు! ఆ గడ్డివాములో మోటారు సంగతి సూదిలా ఎక్కడో ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది లాగ్‌కి స్థాయిలు ఎందుకో. మన క్యాలెండర్‌తో పోల్చుకోండి. పాలు విరిగిపోయాయని మాత్రమే రాస్తే అది ఎర్రర్. రేపో మాపో విరిగేలా ఉన్నాయని రాస్తే వార్నింగ్. రోజూ ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో రాస్తే ఇన్ఫో. ఎన్నింటికి వచ్చాయి, ఎవరు తీసుకున్నారు అని కూడా రాస్తే డీబగ్. పాలు కాచేటప్పుడు వచ్చిన ప్రతి బుడగా రాస్తే వెర్బోస్. ఈఎస్‌పీహోమ్‌లో మనం ఏమీ చెప్పకపోతే డీబగ్ స్థాయిలో రాస్తుంది. మంచి సంగతేమిటంటే, ఒక్కో భాగానికి ఒక్కో స్థాయి పెట్టొచ్చు. మా అబ్బాయి లాగర్ అనే చోట రెండు ముక్కలు మార్చాడు. సెన్సర్‌ని ఇన్ఫోకి దించాడు, దాంతో దాని సొద ఆగింది. స్విచ్‌ని డీబగ్‌లోనే ఉంచాడు. మోటారు వేసినప్పుడూ ఆపినప్పుడూ వచ్చే వరసలు ఆ స్థాయిలోనే కనిపిస్తాయి.

అయినా ఒక చిక్కుంది. బోర్డు తన లాగ్‌ని తన దగ్గర దాచుకోదు. ఆ క్షణంలో వినేవాళ్ళుంటే చెప్తుంది, లేకపోతే ఆ మాట గాలికి పోయినట్టే. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు అది పలికే మొదటి మాటలు వైఫై కలిసేలోపే అయిపోతాయి. మనకి కావలసినవి ఆ మాటలే! అందుకని వాడు రెండు పనులు చేశాడు. మొదటిది, బోర్డు మేలుకుని ఎంతసేపైందో చెప్పే అప్‌టైమ్ అనే లెక్కని, మోటారు స్థితితో పాటు, ఇన్వర్టర్ మీద నడిచే హోమ్ అసిస్టెంట్ కంప్యూటర్‌కి పంపించాడు. వారం తిరక్కుండా మళ్ళీ రాత్రి కరెంటు పోయింది. రెండుంపావుకి వచ్చింది. అప్‌టైమ్ సున్నా దగ్గర మొదలైంది, మోటారు ఆన్ అయింది. ఆ వేళకి ఇంట్లో అందరం నిద్రలో ఉన్నాం. ఫోన్లోంచి ఎవరూ నొక్కలేదు.

రెండోది, మర్నాడు బోర్డుని మోటారు పెట్టెలోంచి పూర్తిగా విప్పి భోజనాల బల్ల మీద పెట్టి, యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి కలిపాడు. తీగలో అయితే మొదటి మాట నుంచీ వినిపిస్తుంది. 115200 అనే వేగం పెడితే అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయి. ఇక్కడొక జాగ్రత్త. గోడ కరెంటు ఉన్న బోర్డుకి ఎప్పుడూ ఈ తీగ పెట్టకండి. ప్రాణానికే ప్రమాదం. వాడు స్విచ్ ఆన్ చేశాడు, రెండు నిమిషాలు ఆగాడు, తీగ పీకి మళ్ళీ పెట్టాడు. రిలే టక్కుమంది. తెర మీద మోటారు ఆన్ అవుతోందన్న వరస వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

కారణం ఒక్క సెట్టింగు. కరెంటు వచ్చాక మునుపటి స్థితికి వెళ్ళమని అందులో ఉంది. పడగ్గది దీపానికి అది బాగానే ఉంటుంది, మోటారుకి కాదు. మామయ్యగారు బల్ల దగ్గరే కూర్చుని అంతా చూశారు. "పాత స్టార్టర్ కరెంటు పోతే తనే వదిలేసేదిరా. మళ్ళీ పచ్చ బొత్తాం నొక్కితేనే పట్టేది" అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ స్టార్టర్‌తో పనిచేసిన మనిషి ఆయన. కరెంటు పోయాక ఆపాల్సిన పని లేదని ఆయనకి తెలిసింది నిజమే. ఇంట్లో మారింది యంత్రం, ఆయన జ్ఞాపకం కాదు. మావారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, వాళ్ళ నాన్నగారికి కాఫీ తనే కలిపి తెచ్చారు. డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు కరెంటు వచ్చాక మోటారు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది. వేసిన అరగంటకి బోర్డే ఆపేస్తుంది కూడా. వేసే పని మాత్రం మామయ్యగారిదే.

ఇంత మేలు జరిగాక మా అబ్బాయికి హుషారు ఎక్కువైంది. ఇంట్లో ప్రతి బోర్డుకీ లాగ్ పెడతానన్నాడు. వీధి తలుపుకి, మేడ మీద గదికి, బాత్రూమ్ దీపానికి కూడా. హోమ్ అసిస్టెంట్ తనంతట తాను పది రోజుల చరిత్ర దాస్తుందట. కావాలంటే ఇంకా పెంచొచ్చట. నేను వద్దన్నాను. మోటారు ఎప్పుడు తిరిగిందో రాయడం వేరు, మనిషి ఎప్పుడు తిరిగాడో రాయడం వేరు. అత్తయ్యగారు రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఎవరు ఏ గదిలో ఎంతసేపున్నారో వరసలుగా చేరితే, అనుమానం తీర్చుకోవడానికి పెట్టుకున్నదే కొత్త అనుమానాలు పుట్టిస్తుంది. దాచకూడని వాటిని ఆ చరిత్రలోంచి తీసేసే వీలుంది. వాడి చేత అవన్నీ తీయించాను. మోటారు, ఇన్వర్టర్, గీజర్ ఉంచాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటివి ఉంటే పెట్టినవాళ్ళని రెండు అడగండి. కరెంటు పోయి వస్తే ఇది ఏం చేస్తుంది? ఏమేం రాసి ఎక్కడ దాస్తోంది? సాయం కోసం ఆ లాగ్‌ని ఎవరికైనా పంపేముందు ఒకసారి చదవండి. అందులో మీ వైఫై పేరు, పరికరాల చిరునామాలు ఉండొచ్చు.

మా అమ్మాయి కాలేజీ నుంచి ఎన్నింటికి వచ్చిందో మా తలుపు రాయదు. అమ్మాయి వచ్చి, చెప్పులు విడిచి, వంటింట్లోకొచ్చి తనే చెప్తుంది.