మూడు డిస్టిలరీల ఊరు

ముందే చెప్పేస్తున్నా, నేను తాగను. విస్కీ గురించి నాకు తెలిసిందంతా చదివి తెలుసుకున్నదే. అయినా స్కాట్లాండ్‌లోని కాంబెల్‌టౌన్ అనే చిన్న ఊరు నా బుర్రలోంచి పోవట్లేదు.

కింటైర్ అనే పొడుగాటి ద్వీపకల్పం చివర్లో, సముద్రం ఒడ్డున ఉంటుందది. 1885లో ఆల్ఫ్రెడ్ బార్నార్డ్ అనే రచయిత చూడ్డానికి వెళ్ళేసరికి అక్కడ 21 డిస్టిలరీలు నడుస్తున్నాయి. దగ్గర్లోనే బొగ్గు, చుట్టూ బార్లీ, గ్లాస్గోకి సరుకు మోసే ఓడలు. ఇంకేం కావాలి? కానీ ఆ సరుకు ఎక్కువగా కొనేది బ్లెండింగ్ కంపెనీలు. వాళ్ళకి మెల్లగా స్పేసైడ్ ప్రాంతపు తేలికపాటి రుచి నచ్చసాగింది. దానికి తోడు 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. మా సీఎస్ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. కొనేవాళ్ళు మొహం తిప్పుకుంటే ఊరు మొత్తం క్రాష్. 1934 తర్వాత మిగిలినవి రెండే: స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా.

ఇది చదివి నాకు బాధేసింది. ఇంట్లో ఆ మాటే అన్నా. మాది నెల్లూరు జిల్లా. 1992లో సారా దుకాణాలు మూయించడానికి రోడ్డెక్కిన ఆడవాళ్ళలో మా అమ్మమ్మ ఒకతె. ఆమె విని, "ఒరే అబ్బయ్యా, ఆ ఊళ్ళో ఆడోళ్ళు ఏమన్నార్రా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కాంబెల్‌టౌన్ సంగతి ఎక్కడా దొరకలేదు గానీ, స్కాట్లాండ్‌లో 1913 చట్టం ప్రకారం అప్పట్లో ఏ ఊరికి ఆ ఊరు ఓటేసి పబ్బులు మూయించుకునే వీలుండేది. కిర్కిన్‌టిలక్ అనే ఊరు అలాగే దశాబ్దాలపాటు మందు షాపుల్లేకుండా ఉంది. ఇది చెప్తే అమ్మమ్మ "చూశావా!" అంది. నేనూ ఒప్పుకుంటా. కానీ ఒక తేడా ఉంది. సారా మా ఊరి కూలి డబ్బుల్ని బయటికి లాక్కెళ్ళింది. కాంబెల్‌టౌన్ విస్కీ బయటి డబ్బుని ఊళ్ళోకి తెచ్చింది. అందుకే అక్కడ మళ్ళీ పొయ్యి వెలిగితే నాకు తప్పనిపించదు.

వెలిగింది కూడా. 1925లో మూతపడ్డ గ్లెన్‌గైల్‌ని స్ప్రింగ్‌బ్యాంక్ యజమానులే కొని 2004లో తెరిచారు. రాగి స్టిల్స్ కొత్తవి కాదు, ఇంకో మూతపడ్డ డిస్టిలరీవి. గ్లెన్‌గైల్ పేరు మీద హక్కు వేరేవాళ్ళ దగ్గరుండటంతో విస్కీకి కిల్‌కెరన్ అని పేరు పెట్టుకున్నారు. పక్కనే స్ప్రింగ్‌బ్యాంక్‌లో ఇప్పటికీ బార్లీని నానబెట్టి, నేలమీద పరిచి, మొలకలు అల్లుకుపోకుండా మనుషులే తిరగేస్తారు. మెషీన్ మాల్ట్ చవగ్గా దొరుకుతున్నా సరే!

నాకు నచ్చింది ఈ మొండితనమే. మేం రాత్రికి రాత్రి కోడ్ రాసి పొద్దున్నే డెమో ఇస్తాం. వాళ్ళు 2004లో పీపాల్లో పోసి, పన్నెండేళ్ళ విస్కీ అని బాటిల్ మీద వేయడానికి 2016 దాకా ఆగారు. ఆ మొదటి పీపాలు నాకంటే పెద్దవి.