చెరిగిపోయే గీత

చిత్రలేఖన సామగ్రిని ఎంచుకునేటప్పుడు రంగుల నాణ్యత, కాగితపు మందం, కుంచె మెత్తదనం వంటివి చర్చకు వస్తాయి గాని, ఆ వస్తువు గీసేవారికి చనువిస్తుందా, బెదురు పుట్టిస్తుందా అన్నది ఎవరూ అంతగా పట్టించుకోరు. ఖరీదైన స్కెచ్ పుస్తకం కొన్నవారు మొదటి పుట పాడవుతుందన్న బెంగతో దానిని నెలల తరబడి తెరవకపోవడం, ఫోనులో మాట్లాడుతూ మాత్రం కరెంటు బిల్లు వెనుక లతలూ పూలూ ధారాళంగా అల్లేయడం లోకంలో చూస్తున్నదే. ఈ తేడాకు మూలం వస్తువు ధరలోనూ, అంతకంటె ఎక్కువగా ఆ గీత ఎంతకాలం నిలుస్తుందన్న ఊహలోనూ ఉంది.

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుదాకా పల్లెల్లో వాడుకలో ఉన్న సామగ్రిని ఈ దృష్టితో చూస్తే, అందులో చాలామటుకు చెరిగిపోయేదే. అలికిన వాకిట్లో వేసే ముగ్గుకు బియ్యప్పిండిగాని, తెల్లరాతిని దంచిన ముగ్గుపిండిగాని వాడతారు. మరీ మెత్తనిది వేళ్ళకు అంటి ముద్దగా పడుతుంది, కాస్త బరకగా ఉన్నది బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి సన్నని ధారగా జారుతుంది. చుక్కలు ముందే నియమాన్ని ఏర్పరుస్తాయి కనుక ఏమి వేయాలన్న సందేహం సగం తీరిపోతుంది, గీత తప్పితే చేత్తో చెరిపి మళ్ళీ లాగవచ్చు, మర్నాటి చీపురుకు మంచి ముగ్గయినా వంకర ముగ్గయినా ఒకటే. గడపలకూ అరుగులకూ పూసే జాజు, అంటే ఇనుము పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమన్ను, నీళ్ళలో నానబెట్టి గుడ్డపేలికతో పూసేది కనుక దానితో సన్నని నగిషీ సాధ్యం కాదు. సాధ్యం కానప్పుడు ఎవరూ ఆశించరు, ఆశించనిచోట చేయి బిగుసుకోదు.

అయితే ఈ ప్రాంతపు చిత్రకళ అంతా ఆటేననుకోవడం పొరపాటు. కోయల డోలీలు, అంటే వంశకథలను పాడి వినిపించే గాయకులు, ప్రదర్శించే పడిగె ఇలవేల్పుల, పూర్వికుల రూపాలున్న త్రికోణాకారపు గుడ్డ. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య ఆ గాన సంప్రదాయానికి చెందినవారే. తరాలపాటు నిలవవలసిన కథకు గుడ్డను ఎంచుకున్న వివేకమూ, రేపటికి ఉండనక్కరలేని సంబరానికి పిండిని ఎంచుకున్న వివేకమూ ఒకే నేలపై పుట్టాయి. పడిగె మీద చేయి తిరగాలని చూడడం ఎంత అసంగతమో, మొదటిరోజే మందపాటి నీటిరంగుల కాగితం ముందు కూర్చోవడమూ అంతే.

కాగితం మాటకొస్తే, భద్రాచలానికి గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సారపాకలో 1979 నుంచి కాగితపు మిల్లు నడుస్తోంది. ఖమ్మం ప్రాంత రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ కర్ర దానికి ముడిసరుకు. కాగితం మందాన్ని జీఎస్ఎంలో, అంటే ఒక చదరపు మీటరు కాగితం తూగే గ్రాములలో చెబుతారు. నీటిరంగులకు 300 మేలంటారు, జిరాక్సు కాగితం 70, 80 మధ్య ఉంటుంది. బొమ్మలు చించి పారేయడానికి మనసొప్పేది ఈ రెండవదానితోనే. పెన్సిలు ములుకులో గ్రాఫైటుకు బంకమట్టి ఎంత ఎక్కువ కలిస్తే గీత అంత గట్టిగా, లేతగా వస్తుంది. హెచ్ గుర్తు ఆ గట్టిదనాన్నీ, బి గుర్తు మెత్తని నలుపునూ తెలుపుతాయి. బడిలో అలవాటైన హెచ్‌బి చేతిని రాతకే గుంజుతుంది గాని, 6బి అయితే పక్కకు వాల్చి రుద్దినా నీడ పడుతుంది, వేలితో అలికినా ఒప్పుతుంది. పొయ్యిలోంచి ఏరిన బొగ్గుముక్క ఇంకా ఉదారమైనది. మసి అంటుతుందన్నది ఫిర్యాదే గాని, చేతులు మాసినవారు శుభ్రమైన గీత కోసం పాకులాడరు.

కనుక కొత్తగా గీయబోయేవారు నీటిరంగుల పెట్టెను కొంతకాలం దుకాణంలోనే ఉండనిచ్చి, ఒక దస్తా తెల్లకాగితం, ఒక 6బి పెన్సిలు, నాలుగు బొగ్గుముక్కలు దగ్గర పెట్టుకుంటే చాలు. రబ్బరు అవసరం కూడా లేదు.