పాచి తింటుందని టాంగ్‌ని తెస్తున్నారా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పాచి పట్టిందంటే చాలు, “ఓ టాంగ్ చేపని వేసేయ్, అదే తినేస్తుంది” అంటారు. తింటుంది, నిజమే. కానీ ఏ టాంగ్? యెల్లో టాంగ్ మూతి సన్నగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. రాళ్ల సందుల్లో దారాల్లా మొలిచిన పాచిని పుటుక్కున తెంపుతుంది. కోలే టాంగ్‌వి దువ్వెన లాంటి పళ్లు. రాళ్ల మీదా అద్దం మీదా పట్టిన పల్చటి పొరని గీక్కుని తింటుంది. అద్దం మీద వరసగా ముద్దులు పెట్టినట్టు గుర్తులు! మా ఇంట్లో వాటిని తుడవనివ్వను.

పాచి అయిపోయాక టాంగ్‌కి ఆకలేయదా? ఉప్పూ మసాలా లేని నోరి (ఎండు సముద్రపు నాచు) షీటు ముక్కని క్లిప్పుకి పెట్టి అద్దానికి తగిలించాలి. టాంగ్ తోక మొదట్లో రెండువైపులా కత్తిలాంటి ముల్లుంటుంది, వట్టి చేత్తో పట్టుకోవద్దు.

ఇక ‘ఫైండింగ్ నెమో’ చూసి పిల్లలు డోరీ కావాలంటారు, అదీ టాంగే. షాపులో అగ్గిపెట్టెంత ఉండే ఆ చేప పెరిగితే అడుగు దాకా వస్తుంది. మూడడుగుల ట్యాంకులో దాన్ని పడేయడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది. ఇరుకులో బెదిరిపోతే తెల్లమచ్చల జబ్బు కూడా తొందరగా ముదురుతుంది.

అన్నట్టు, యెల్లో టాంగ్‌ని గుడ్డు నుంచి పెంచడం 2015లో హవాయిలో సాధించారు. కొనేటప్పుడు సముద్రంలో పట్టినదా, అలా పెంచినదా అని అడగండి.