కిమిన్ గేటుకు ఈవల, ఆవల

2012 ఆగస్టు మూడో వారంలో గువాహటి రైలు కోసం సికింద్రాబాదు స్టేషనులో వేచివున్న వారిలో పండుగకు ఇంటికి పోయే ఉత్సాహం ఎవరి ముఖంలోనూ లేదు. హోటళ్లలో వడ్డించేవారు, అపార్టుమెంట్ల కాపలాదారులు, బ్యూటీపార్లర్లలో పనిచేసే అమ్మాయిలు, కళాశాల విద్యార్థులు మూటలు సర్దుకుని నేలమీదే కూర్చున్నారు. అస్సాంలోని బోడో జిల్లాలలో జులైలో చెలరేగిన హింస లక్షలాది మందిని నిరాశ్రయులను చేసింది. దానికి ప్రతీకారంగా రంజాను తరువాత దక్షిణాది నగరాలలో ఈశాన్యవాసులపై దాడులు జరుగుతాయని సెల్‌ఫోన్లలో వదంతి పాకింది. బెంగళూరు నుండి ప్రత్యేక రైళ్లు నడపవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం సామూహిక సంక్షిప్త సందేశాలను నిషేధించింది. సందేశాలు ఆగాయి కాని ప్రయాణాలు వెంటనే ఆగలేదు.

ఆ రోజు ఒక తెలుగు దినపత్రికలో పనిచేసే యువ ఉపసంపాదకుడు ప్లాట్‌ఫారంపై తిరుగుతూ నలుగురైదుగురిని పలకరించాడు. ఇక్కడ ఏ భయమూ లేదని, వదంతులు నమ్మవద్దని అందరికీ ఒకే మాట చెప్పాడు. వారిలో ఒక కుర్రవాడు మర్యాదగా విని, "మీరు చెప్పేది నిజమే కావచ్చు సార్. కాని మా ముఖం చూసి మేమెవరమో నిర్ణయించేది మీరు కాదు కదా" అన్నాడు. అతనిది అస్సాం కాదు, అరుణాచల్. బోడోల తగవుతో అతనికే సంబంధమూ లేదు. ఆ జవాబు మరునాటి వార్తలో చోటు చేసుకోలేదు. ఉపసంపాదకుడి మనసులో మాత్రం ఉండిపోయింది.

నెల తిరగకముందే, సెప్టెంబరులో, అరుణాచల్‌లోని జిరో లోయలో ఒక కొత్త సంగీతోత్సవం జరగనున్నదని అతనికి తెలిసింది. జిరో వాసి బాబీ హానో, ఢిల్లీకి చెందిన మెన్‌హూపాజ్ అనే రాక్ బృందంలో గిటారు వాయించే అనూప్ కుట్టి కలిసి దానిని తలపెట్టారు. ఈశాన్యంలో ఉత్సవాలకు కొదవ లేదు. నాగాలాండ్ ప్రభుత్వం 2000 నుండి హార్న్‌బిల్ ఉత్సవం నడుపుతూనే ఉంది. షిల్లాంగులో లూ మజావ్ 1972 నుండి ఏటా మే 24న బాబ్ డిలన్ జన్మదిన కచేరీ చేస్తూనే ఉన్నాడు. కాని వేలమంది తూర్పుకు పారిపోయిన మరుసటి నెలలోనే మహానగరాల యువతను తూర్పుకు రమ్మని పిలవడం అతనికి వింతగా తోచింది. సెలవు పెట్టి బయలుదేరాడు.

గువాహటి చేరాక మొదట చేయవలసిన పని అనుమతి పత్రం తీసుకోవడం. 1873 నాటి బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ గీసిన ఇన్నర్ లైన్‌ను దాటడానికి భారత పౌరుడికి సైతం ఆ పత్రం తప్పనిసరి. నాడు అది తేయాకు తోటల ప్రయోజనాల కోసం తెల్లదొరలు గీసిన గీత. నేడు అదే గీతను తమ భూమికి, తమ అల్పసంఖ్యకు రక్షణకవచంగా కొండజాతులు కాపాడుకుంటున్నాయి. చట్టం మారలేదు, దానిని పట్టుకున్న చేయి మారింది. రాత్రంతా బస్సులో బ్రహ్మపుత్ర దాటి ఉత్తర లఖింపూర్ చేరి, అక్కడ సుమో ఎక్కి, కిమిన్ గేటు వద్ద దిగి వరుసలో నిలబడ్డాడు. పోలీసు అతని పేరు, ఊరు, వచ్చిన పని అడిగి కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. సొంత దేశంలో ఈ ప్రశ్నలేమిటని అతనికి చిరాకు కలిగింది. మరుక్షణమే సికింద్రాబాదు కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ఇక్కడ ఈ ప్రశ్నలు గేటు దాటితే ముగుస్తాయి. ఆ కుర్రవాడికి ఏ గేటు దాటినా ముగియవు.

జిరో అపతానీల లోయ. చుట్టూ పైన్ వృక్షాలు, వెదురు తోపులు, మధ్యన పండబోతున్న వరిమళ్లు. ఆ మళ్లలోని నీటిలోనే చేపలను పెంచడం అపతానీలకు అలవాటైన సేద్యం. ఈ లోయకూ తెలుగు నేలకూ ఒక పాత బంధం ఉంది. కుమ్రం భీం తిరుగుబాటు తరువాత ఆదిలాబాదు గోండుల మధ్య నివసించి వారి భూములకై నిజాం ప్రభుత్వానికి నివేదికలు రాసిన హైమన్‌డార్ఫ్, 1944లో సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా వచ్చాడు. అపతానీలపై ఆయన రాసిన గ్రంథం 1962లో వెలువడింది. చైనా సైన్యాలు ఈ కొండలలోకి దిగినదీ ఆ ఏడాదే. ఆయన భార్య బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలో ఉంది. ఆ దంపతులను ఎరిగిన ఆదిలాబాదుకు కూడా జిరో ఎక్కడున్నదో తెలియదు.

వేదికను వెదురుతో కట్టారు. మహానగరాల కచేరీలతో పోల్చితే అది చిన్న గుంపే. పగలు ఎండ కాచి, మధ్యాహ్నం చినుకు పడి, సాయంత్రానికి చలి దిగేది. ఒక బృందం రాక్ వాయించి దిగితే మరొకటి రెగే అందుకునేది. ఆ వెనుక నాగా జానపద బాణీని బ్లూస్‌తో కలిపి ఒకరు పాడేవారు. ఢిల్లీ నుండి వచ్చిన యువకులు బురదలో చెప్పులు వదిలి ఆడుతుంటే, ముఖాన పచ్చబొట్లు, ముక్కుకు ఇరువైపులా నల్లని బిళ్లలు ధరించిన అపతానీ ముసలమ్మలు గట్టుమీద కూర్చుని నవ్వుతూ చూసేవారు. ఎవరు ఎవరికి వింతగా ఉన్నారో చెప్పడం కష్టమైంది. అరుణాచల్ పిల్లలకు ఆ రాక్ పాటలన్నీ ముందే తెలుసు. మైదానాల నుండి వచ్చినవారికి మాత్రం అపతానీ పాట ఒక్కటీ తెలియదు. దేశం ఒక దిక్కుకే చూడడం అలవాటు చేసుకున్నదని ఆ మూడు రాత్రులలో అతనికి తెలిసివచ్చింది.

అతనికి బస ఇచ్చిన ఇల్లు ఊరి చివరది. పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఇంటి యజమానురాలు అతని ఊరు అడిగింది. అరుణాచల్‌లో ఒక తెగవారు మరొక తెగవారితో మాట్లాడుకునేది హిందీలోనే కనుక భాష అడ్డు రాలేదు. హైదరాబాదు అనగానే ఆమె మాట ఆపి లోపలి గదివైపు చూసింది. ఆమె కూతురు రెండేళ్లుగా హైదరాబాదులో ఒక బ్యూటీపార్లరులో పనిచేసి, ఆగస్టులోనే ఇల్లు చేరింది.

"యజమాని మళ్లీ రమ్మని ఫోను చేస్తున్నాడు బాబూ. అది వెళతానంటోంది. పంపమంటావా?" అని ఆమె అడిగింది.

ప్లాట్‌ఫారంపై అంత ధారాళంగా వచ్చిన మాట ఇప్పుడు అతనికి రాలేదు. ఊరు శాంతంగానే ఉందని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు. ఆమె తల ఊపి, "నువ్వు రావడానికి మా సర్కారు కాగితం ఇచ్చింది. నువ్వెవరో, ఎన్నాళ్లుంటావో అందులో రాసివుంది. నీకేమైనా అయితే మేము జవాబు చెప్పాలి. మా పిల్ల అక్కడికి వస్తే దాని జవాబుదారీ ఎవరిది?" అంది.

రాజ్యాంగం అందరిదని చెప్పవచ్చు. 1987 ఫిబ్రవరి 20న అరుణాచల్ పూర్తి రాష్ట్రమైనదనీ, ఆ నేల తమదన్న చైనా వాదాన్ని ఢిల్లీ ప్రతిసారీ ఖండిస్తున్నదనీ చెప్పవచ్చు. నేల విషయంలో అంత పట్టుదల చూపే రాజ్యం, ఆ నేల బిడ్డ తన నగరాలలో అద్దె ఇల్లు అడిగినప్పుడు ఎక్కడుంటుందన్నదే ఆమె ప్రశ్న. 2014 జనవరిలో ఢిల్లీ బజారులో దెబ్బలు తిన్న అరుణాచల్ విద్యార్థి ఒకరు మరణించాక, కేంద్రం బెజ్‌బరువా కమిటీని నియమించి అదే ప్రశ్నను అధికార భాషలో అడిగింది. ఆ తల్లి దానిని ఏడాదికి పైగా ముందే పొయ్యి దగ్గర అడిగింది.

చివరి రాత్రి కచేరీకి కూతురు కూడా వచ్చింది. చలిమంట దగ్గర నిలబడి, తెలుగులో, "అన్నా, రైల్లో సీటు దొరుకుతుందా?" అని అడిగింది. రెండేళ్లలో నేర్చిన తెలుగు అది, తడబాటు లేనిది. వరికోతలు కాగానే బయలుదేరతానంది. అమ్మను ఒప్పించడం తన పనేనని, అతడు నచ్చచెప్పనక్కరలేదని కూడా అంది.

మరునాడు ఉదయం సుమో ఎక్కేముందు అతడు ఒక కాగితంపై తన ఇంటి చిరునామా, తల్లి పేరు, ఫోను నంబరు రాసి ఆ ఇల్లాలి చేతికిచ్చాడు. హైదరాబాదులో ఆమె బిడ్డకు ఏ వేళ ఏ అవసరం వచ్చినా ఆ ఇంటి తలుపు తట్టవచ్చన్నాడు. ఆమె దానిని చదవలేదు. రెండుసార్లు మడిచి, అతడు వచ్చిన రోజున తీసుకుని దాచిన అనుమతి పత్రం నకలుతో కలిపి పెట్టెలో పెట్టింది.