మబ్బు రోజున నల్లద్దాలు

"అన్నా, మన సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వు. కవిత్వం మాత్రం వద్దు, ఇప్పటికే పదహారు కవితలు వచ్చి పడ్డాయి" అని ఈ యేటి యూనియన్ కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు ఏం వ్రాయాలో తోచక రెండు రోజులు గడిపాను. మూడో రోజున అటక మీది అట్టపెట్టె దించి సర్దుతుంటే ఒక పాత గాగుల్స్ దొరికింది. మంచు మీద పెట్టుకునేది. నల్లటి అద్దం, సాగిపోయిన ఎలాస్టిక్ పట్టీ, అద్దం లోపలివైపున అడ్డదిడ్డంగా గీతలు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మన హాస్టలుకు నేను పడ్డ బాకీ ఒకటి అందులో ఉంది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

2011 ఫిబ్రవరి. నేను అప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్సు మొదటి సంవత్సరం. గుల్మార్గ్‌లో రెండు వారాల స్కీయింగు కోర్సుకు సీటు వచ్చింది. సీటయితే వచ్చింది గాని డబ్బు ఎక్కడిది? హాస్టలు మిత్రులు రెండు ఆదివారాలు మెస్సులో చికెన్ మానేసి, మిగిలిన సొమ్ముకు తలా కొంత కలిపి 4,600 రూపాయలు నా చేతిలో పెట్టారు. నాంపల్లి స్టేషన్లో బంతిపూల దండ కూడా వేశారు. అప్పటికింకా ఏ.పి. ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ఆ రైల్లో ఢిల్లీకి, అక్కణ్ణించి జమ్మూకు, జవహర్ సొరంగం దాటి శ్రీనగర్‌కు, చివరికి టంగ్‌మర్గ్ మీదుగా పైకి చేరాను. దారి పొడుగునా నా మెడలో ఆ దండ ఉన్నట్టే అనిపించింది.

వెళ్ళేముందు కొనవలసిన వస్తువుల జాబితాలో స్నో గాగుల్స్ ఉంది. కోఠీ ఫుట్‌పాత్ మీద 250 రూపాయలకు కొన్నాను. "ఎంత నలుపైతే అంత మంచిది సార్" అన్నాడు అమ్మినతను. నేనూ అదే అనుకున్నాను. హాస్టలు అద్దంలో చూసుకుంటే సినిమా హీరోలాగే ఉన్నాను మరి.

మొదటి వారమంతా ఎండ కాసింది. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. చుట్టూ దేవదారు చెట్లు, ఎదురుగా అఫర్వట్ కొండ, ఎటు చూసినా కళ్ళు జిగేల్మనే తెలుపు. నల్లద్దాలు బాగానే పనిచేశాయి. అసలు కథ ఎనిమిదో రోజున మొదలయింది. తెల్లవారేసరికి మబ్బు దిగింది. ఆకాశం తెలుపు, నేల తెలుపు, మధ్యలో గాలి కూడా తెలుపే. నీడ అన్నది ఎక్కడా లేదు.

నీడ విలువ నాకు ఆ రోజు తెలిసింది. మంచు మీద ఎత్తుపల్లాలను మనం నీడను బట్టే పోల్చుకుంటాం. ఎండ ఒక పక్కనుంచి పడితే ప్రతి మిట్టకూ ఒక వెలుగు వైపు, ఒక చీకటి వైపు ఉంటాయి. మబ్బు పడితే వెలుతురు అన్ని దిక్కులనుంచీ సమానంగా వస్తుంది. గుంటా మిట్టా ఒకటే అయిపోతాయి. దాని మీద నా నల్లద్దం! అది లోపలికి రానిచ్చే వెలుతురు పదో వంతు కూడా ఉండదు. జారుతున్నానో నిలబడ్డానో కూడా తెలియలేదు. ఆగాననుకుని కర్ర ఆనించబోయేసరికి ఇంకా కదులుతూనే ఉన్నానని, బోర్లా పడ్డాకే అర్థమయింది.

ఇక రెండో బాధ ఆవిరి. మాకు లిఫ్టు ఎక్కే యోగం లేదు; స్కీలతోనే పక్కవాటుగా అడుగులు వేస్తూ వాలు ఎక్కాలి. ఎక్కేసరికి ఒళ్ళంతా చెమట. గాగుల్స్ లోపల తెల్లగా ఆవిరి కమ్మింది. దాన్ని ఉన్ని టోపీ మీదికి నెట్టాను; తల చెమట తగిలి ఇంకా ఎక్కువయింది. తడిసిన ఉన్ని గ్లోవుతో లోపల తుడిచాను. గీతలు పడ్డాయి గాని ఆవిరి పోలేదు. మఫ్లరును ముక్కుదాకా లాక్కున్నాను. ఊపిరంతా తిన్నగా అద్దాల్లోకే పోయింది. చేయకూడని పని ఒక్కటీ మిగల్చలేదన్నమాట. ఫిజిక్సు విద్యార్థిని, తుషారాంకం మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు వ్రాసినవాణ్ణి! వేసవిలో చల్లని సోడాసీసాకు ఎందుకు చెమట పడుతుందో, ఇడ్లీ పాత్ర మూత తీయగానే అమ్మ కళ్ళజోడు ఎందుకు మసకబారుతుందో చెప్పగలను. ఆ సోడాసీసా నా ముఖానికే కట్టుకుని ఉందని మాత్రం తట్టలేదు.

చివరికి విసుగు పుట్టి గాగుల్స్ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆహా, ఎంత హాయి! మిట్టలు కాస్త కనిపించాయి. ఎండ ఎలాగూ లేదు గదా, కళ్ళకేం భయం అనుకున్నాను. మా ఉస్తాద్ రెండుసార్లు దూరాన్నించి చేత్తో కళ్ళు చూపించి సైగ చేశాడు. ఆయన చూస్తున్నంతసేపూ పెట్టుకోవడం, అటు తిరగ్గానే తీసేయడం. ఇలా దాదాపు ఐదు గంటలు.

రాత్రి భోజనాల వేళకు కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది. తొమ్మిదింటికి కన్నీళ్ళు ధారలు. బుఖారీ పొయ్యి సందులోంచి వచ్చే ఎర్రటి వెలుగు కూడా సూదుల్లా గుచ్చింది. కళ్ళు మూసినా మంటే, తెరిచినా మంటే. గదిలో ఉన్న పూణే కుర్రవాడు నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. డాక్టరుగారు చూసి, "సూర్యుడు కనబడకపోతే లేడనుకున్నావా?" అన్నారు. అది మంచుగుడ్డితనం. అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడం. తగిలినప్పుడు తెలియదు, కొన్ని గంటల తరువాత తెలుస్తుంది. మబ్బు వెలుతురును తగ్గించినంతగా ఆ కిరణాలను ఆపదు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అవి దాదాపు 10 శాతం పెరుగుతాయి. కొత్తగా పడ్డ మంచయితే, తన మీద పడ్డవాటిలో 80 శాతం దాకా తిరిగి పైకే కొడుతుంది. పైనుంచి ఒక దెబ్బ, కిందినుంచి ఒక దెబ్బ.

కళ్ళకు గుడ్డ కట్టుకుని రెండున్నర రోజులు చీకటి గదిలో పడుకున్నాను. అంత గుడ్డితనమూ పూర్తిగా పోయింది, అదృష్టం. కాని పరీక్షలు ఆ రోజుల్లోనే జరిగిపోయాయి. నాకు గ్రేడు రాలేదు.

కట్లు విప్పిన సాయంత్రం ఉస్తాద్ నా మంచం పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. తన కోటు లోపలి జేబులోంచి నూలుగుడ్డలో చుట్టిన పసుపుపచ్చని అద్దం తీసి చూపించాడు. ఎండకు ఒకటి, మబ్బుకు ఒకటి, రెండూ ఎప్పుడూ తన దగ్గరే ఉంటాయన్నాడు. ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుంది.

అద్దం ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందో శాతంలో చెబుతారు. 8 నుంచి 18 శాతం రానిచ్చేది మంచి ఎండకు. 18 నుంచి 43 దాకా అటూ ఇటూ ఉండే రోజులకు. 43కు పైబడినది మబ్బుకు, మంచు కురిసే వేళకు. పసుపు, గులాబి, తేనెరంగు అద్దాలు నీలి వెలుగును కొంత కోసేసి ఎత్తుపల్లాలను కాస్త తేటగా చూపిస్తాయి. కాస్త మాత్రమే సుమా! లేని నీడను ఏ అద్దమూ పుట్టించలేదు. అలాంటప్పుడు చెట్ల పక్కగా నెమ్మదిగా పోవాలి. చెట్ల మొదళ్ళే కంటికి ఆనవాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం, నలుపు వేరు, రక్షణ వేరు. అతినీలలోహిత కిరణాలను ఆపేది రంగు కాదు, అద్దం పదార్థమూ దాని పూతా. సరయిన అద్దమైతే తెల్లగా ఉన్నా ఆపుతుంది. ఊరికే నల్లరంగు వేసింది ఆపకపోవచ్చు.

ఆవిరి సంగతి ఇంకా సులువు. రెండు పొరల అద్దం కొనాలి. మధ్యలో చిక్కిన గాలి దుప్పటిలా పనిచేసి లోపలి పొరను మరీ చల్లబడనివ్వదు. పైనా కిందా గాలి రంధ్రాలు ఉండాలి, వాటిని టోపీతో మూయకూడదు. నుదుటి మీదికి నెట్టకూడదు. ముక్కు మీద మఫ్లరు వద్దు. లోపలివైపు పూత ఉంటుంది, అది నీటిని బొట్లు కట్టనీయకుండా పలచని పొరలా పరుస్తుంది. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఆ పూత లేచిపోతుంది. దులిపి, గాలికి ఆరనివ్వాలి. పొయ్యి దగ్గర ఆరబెట్టకూడదు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే కోటు గుండీలు విప్పుకోవాలి. మా ఊరి బస్సు డ్రైవరు వానలో బీడీ పొగాకు నలిపి ముందద్దానికి రుద్దేవాడు. ఆయనకు తెలిసిన సైన్సు నాకు అక్కరకు రాలేదు.

ఇదేదో నాలాంటి అజ్ఞానికే జరిగిందనుకోకండి. 1924 జూన్ 4న ఎవరెస్టు మీద ఆక్సిజన్ లేకుండా 8,570 మీటర్ల దాకా ఎక్కిన నార్టన్, నడిచేది ఎక్కువగా రాతి మీదే గదా అని గాగుల్స్ తీసేశాడు. ఆ రాత్రే చూపు పోయి గుడారంలో పడివున్నాడు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం మాత్రం ఏనాడో కర్రలో, ఎముకలో సన్నని చీలిక కోసి కళ్ళకు కట్టుకున్నారు. అద్దమే లేదు గనుక ఆవిరి పట్టే బాధా లేదు!

ఇప్పుడు నా బాకీ. తిరిగి వచ్చాక హాస్టల్లో అందరూ చుట్టూ చేరి "గ్రేడు ఎంత?" అన్నారు. చికెన్ మానేసిన ముఖాలన్నీ ఎదురుగా ఉన్నాయి. "జ్వరం వచ్చింది, నూట మూడు" అన్నాను. ఎవరో పాపం కమలాలు కూడా తెచ్చిచ్చారు. తిన్నాను.

మరుసటి ఏడు ఒక జూనియరు అదే కోర్సుకు బయలుదేరాడు. "అన్నా, నీ గాగుల్స్ ఇస్తావా?" అని అడిగాడు. ఇచ్చాను. అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పితే జ్వరం అబద్ధమని తేలిపోతుంది. శుభాకాంక్షలు చెప్పి, భుజం తట్టి, ఆ నల్లద్దాలే చేతిలో పెట్టాను. అతను వెళ్ళిన రెండు వారాలూ నాకు సరిగా నిద్ర లేదు. ఫోను మోగితే గుండె ఝల్లుమనేది.

అతనికేమీ కాలేదు. అక్కడి ఉస్తాద్ మొదటి రోజే వాటిని చూసి పక్కన పెట్టించి వేరేవి ఇప్పించాడట. మంచి గ్రేడుతో తిరిగి వచ్చి, నా గాగుల్స్ కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. "అన్నా, మబ్బు రోజున వీటితో నువ్వెలా నెట్టుకొచ్చావు?" అని అమాయకంగా అడిగాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. నా తప్పుల్లో ఆ నవ్వే అన్నిటికన్నా పెద్దది. మంచులో నా కళ్ళు నేను పోగొట్టుకోబోవడం తెలివితక్కువ. తెలిసీ ఇంకొకడి కళ్ళను పందెం ఒడ్డడం తెలివితక్కువ కాదు, వేరే మాట ఉంది దానికి.

మిత్రులారా, జ్వరం రాలేదు. మీరు ఇచ్చిన 4,600 రూపాయలతో వెళ్ళి, ఉస్తాద్ మాట వినక కళ్ళు కాల్చుకుని వచ్చాను. ఆ కమలాలు ఎవరు తెచ్చారో ఈ సంచిక చూస్తే గుర్తుపడతారు. కనిపించినప్పుడు అడగండి, ఒక డజను కొనిస్తాను. ఆ జూనియరుకు నిన్న రాత్రి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇప్పుడవి ఎక్కడున్నాయన్నా?" అన్నాడు. నా బల్ల మీదే ఉన్నాయన్నాను.

ఈ యేడు మన కాలేజీ నుంచి ఎవరైనా మంచుకొండలకు పోతుంటే నా దగ్గరికి రండి. ఆ నల్లద్దాలు మాత్రం ఇవ్వను. పసుపుపచ్చవి ఒక జత కొని ఉంచాను.